మూడో తొట్టిలోని పిల్లలు

ఆ పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక తువ్వాలు దగ్గర మొదలైంది.

కోడలి వంటింట్లో మూడు తువ్వాళ్ళుంటాయి. గ్లాసులకు తెల్లది, చేతులకు నీలంది, గట్టుకు చారలది. మూడింటికీ మూడు కొక్కేలు. అత్తగారు ఆ తేడాలు పట్టించుకునే మనిషి కాదు. ఏది చేతికందితే అదే. ఆ రోజు అందింది తెల్లది.

"అత్తయ్యా, అది గ్లాసులది."

"ఒకసారి తుడుచుకుంటే అరిగిపోతుందా ఏమిటి?"

"మీ చేతుల నిండా పగుళ్ళ మందుంది కదా. ఆ గుడ్డతో తుడిస్తే గ్లాసులకి జిడ్డు పడుతుంది. ఇదిగో, చూడండి." కోడలు ఒక గ్లాసును కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టింది. నిజంగానే అంచు చుట్టూ ఊపిరి తగిలినట్టు మసక.

"గుడ్డలకి కూడా ఉద్యోగాలు పంచిందిరా నీ పెళ్ళాం!" అని అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "ఆ నీలం దానికి ప్రమోషన్ ఎప్పుడో కాస్త కనుక్కో."

కొడుకు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా జనం అరుపులు వినే మనిషి, ఇంట్లో మాత్రం చెవులు ఇంటి బయట విప్పి వచ్చినట్టే ఉంటాడు. తలెత్తకుండా బూట్ల లేసులు బిగించుకున్నాడు. ఎనిమిదేళ్ళ మనవరాలు మాత్రం కిసుక్కున నవ్వింది.

"ఈ మందు నాకొద్దు మొర్రో అంటే వినవు. పూసేదీ నువ్వే, పూసుకున్నానని సాధించేదీ నువ్వే."

"పూయకపోతే రక్తం కారుతోంది. మొన్న దిండుకి అంటింది. మీరు చూసుకోలేదు, నేను ఉతికాను."

అత్తగారు తెల్ల తువ్వాలును తీసుకెళ్ళి నీలందాని కొక్కేనికి తగిలించి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. కోడలు దాన్ని తీసి, ఉతికే బుట్టలో పడేసి, ఆవిడ వెనకే వెళ్ళింది. ఇద్దరూ పనిచేసేది ఒకే చోట.

అది సముద్రపు చేపల గుడ్లు పొదిగించే హేచరీ. ఊరి చివర రేకుల కప్పున్న పొడుగాటి భవనం. అత్తగారు ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది. సూపర్‌వైజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా ఆవిడను పెద్దమ్మ అనే పిలుస్తారు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న కోడల్ని రెండేళ్ళ కిందట అక్కడికి తీసుకొచ్చిందీ ఆవిడే. "మా కోడలు చదువుకుంది బాబూ. ఇంట్లో ఉప్పు కూడా కొలత పెట్టి వేస్తుంది. దాన్ని మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టండి, ఒక్క చేపపిల్లని కూడా తప్పిపోనివ్వదు" అని సూపర్‌వైజరు వెంటపడి మరీ ఉద్యోగం ఇప్పించింది.

చేపపిల్లల గదిలో ఆరు గుండ్రటి తొట్లు. గుమ్మం పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు: చేతులు నీళ్ళలో పెట్టరాదు. ఆ రూలు అందరికీ వర్తిస్తుంది, పెద్దమ్మకు తప్ప. ఆవిడ గదిలోకి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, ఒక్కో తొట్టి దగ్గరా ఆగి, కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచుతుంది. "ఇది ఒక పిసరు చల్లబడింది" అంటుంది. "దీన్లో నీళ్ళు తిరుగుడు ఎక్కువైంది, పిల్లలు అలిసిపోతాయి" అంటుంది. తర్వాత థర్మామీటరు పెట్టి చూస్తే అంతే ఉంటుంది. ఆవిడ చూసే తొట్లలో బతికే పిల్లలు వేరే హేచరీల్లోకన్నా ఎప్పుడూ ఎక్కువే. అందుకని సూపర్‌వైజరు ఆ బోర్డు వైపు చూడడు. ఆయన చూసేది చేతి గడియారం ఒక్కటే. మాట్లాడుతూ మాట్లాడుతూ మణికట్టు తిప్పుకుంటాడని ఆడవాళ్ళంతా ఆయనకు గడియారం అని పేరు పెట్టారు.

ముప్ఫై ఏళ్ళ ఉప్పునీళ్ళు, మందునీళ్ళు ఆవిడ చేతుల్ని ఎంత తినాలో అంతా తినేశాయి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎండిన చెరువు మన్నులా నెర్రెలిచ్చింది. ఆ ఏడు చలి ముందే వచ్చింది. కోడలు మందుల షాపులో అడిగి, రేకు డబ్బాలో చిక్కటి లేపనం కొనుక్కొచ్చింది. పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం హేచరీలో బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చోబెట్టి ఒకసారి, పగుళ్ళ లోపలికి దిగేలా వేలితో అద్ది పూసేది. అత్తగారు గొణుగుతూనే చేతులు చాపేది. ఆ చాపడంలో కాస్త గారం కూడా ఉండేది. తనకు ఇంకొకరు చెయ్యి పట్టుకుని మందు రాసి ఎన్నేళ్ళైందో.

సబ్బుతో కడిగితే పోతుందిలే అనుకుంది కోడలు. ప్రతిదీ రెండుసార్లు సరిచూసుకునే మనిషి, ఆ ఒక్కటీ సరిచూసుకోలేదు.

సరిగ్గా ఆ వారంలోనే మూడో తొట్టిలో కొత్త గుడ్లు పిల్లలయ్యాయి. మిగతా తొట్లలోవి అప్పటికే పెద్దవి.

గుడ్డులోంచి బయటపడ్డ రోజు చేపపిల్ల చేపలా ఉండదు. వెంట్రుక ముక్కంత ఉంటుంది. నోరు తెరుచుకోదు. కళ్ళలో నలుపు దిగదు, గాజుపూసల్లా ఉంటాయి. రెక్కలుండవు, ఒంటి చుట్టూ పల్చటి అంచు ఒకటి కుట్టినట్టుంటుంది. పొట్ట కింద సొన సంచి ఒకటి మోసుకుంటూ, తల్లి కట్టిచ్చిన ఆ మూట కరిగేదాకా ఊరికే వేలాడుతుంది. మూడో రోజుకు కళ్ళు నల్లబడతాయి, నోరు విచ్చుకుంటుంది, వేట మొదలెడుతుంది. ఆ తర్వాతే అసలు గండం. నాలుగో రోజుకూ ఎనిమిదో రోజుకూ మధ్య ప్రతి పిల్లా నీటిపైకి ఎక్కి, పైపొరను మూతితో పొడిచి, ఒకే ఒక్క గుక్క గాలి మింగాలి. ఆ గాలి సన్నటి దారి గుండా వెళ్ళి వెన్ను కింద గాలితిత్తిని నింపుతుంది. తిత్తి నిండిందా, జీవితాంతం నీళ్ళలో ఎక్కడ కావాలంటే అక్కడ తేలిగ్గా నిలబడగలదు. ఆ నాలుగు రోజులూ దాటాయా, దారి మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకోదు.

నీటి మీద జిడ్డు ఉంటే వాటి మూతికి ఆ పొర తెగదు. మేత వల్ల ఎప్పుడూ కొంత జిడ్డు తేలుతుంది. దాన్ని ఒక మూలకు తరమడానికి ప్రతి తొట్టి మీదా గాలి ఊదే గొట్టం ఉంటుంది.

ఐదో రోజు, అంటే తువ్వాలు గొడవ జరిగిన రోజే, మధ్యాహ్నం కోడలు నమూనా తీయడానికి మూడో తొట్టి మీదికి వంగింది. దీపం వెలుతురు నీటి మీద ఏటవాలుగా పడుతోంది. గొట్టం ఊదుతూనే ఉంది. కానీ నీటి మీద, తొట్టి అంచు పొడుగునా, సన్నటి రంగుల మెరుపు కదలకుండా అతుక్కుని ఉంది. కింద పిల్లలు వందల కొద్దీ ఎగబాకి వచ్చి, మూతి తగిలించి, వెనక్కి జారిపోతున్నాయి. మళ్ళీ ఎగబాకుతున్నాయి.

కోడలు కాగితం ముక్క ఆ మెరుపు మీద పరిచి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరంలా ఘాటైన వాసన. రేకు డబ్బాలోని మందు వాసన.

కోడలు అటూ ఇటూ చూసింది. అత్తగారు గది అవతలి కొసన ఎవరితోనో పరాచికాలాడుతోంది. "గడియారం వస్తోంది, నిలబడండే, లేకపోతే మనకి అలారం కొడుతుంది!" ఆ వెనకే నవ్వులు.

అప్పుడే పిలిచి చెప్పాల్సింది. అదేం పెద్ద మాట కాదు. "అత్తయ్యా, మందు నీళ్ళలో తేలుతోంది" అంటే సరిపోయేది. కానీ పొద్దున తువ్వాలు గురించి అంత రాద్ధాంతం చేసింది తను. గ్లాసుకు జిడ్డు అంటుతుందని కనిపెట్టిన మనిషికి, తొట్టికి అంటుతుందని తోచలేదంటే ఏం మర్యాద? పైగా ఆ నెలాఖరుకు తన ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు. ఇంకో పది కాగితాలు తెచ్చి, అంచు చుట్టూ తిరిగి, మెరుపు కనబడనంత వరకూ తుడిచింది. కాగితాలు ఉండచుట్టి చెత్తబుట్టలో అడుక్కు తోసింది. అయిపోయిందిలే అనుకుంది.

మర్నాడు పొద్దున అత్తగారికి మందు పూయలేదు. "అయిపోయింది, మళ్ళీ తెస్తాను" అంది. డబ్బాను దారిలో వీధి కుండీలో పడేసింది. కానీ పగుళ్ళలో నిలవున్న మందు రెండు మూడు రోజుల దాకా ఊరుతూనే ఉంటుందని ఆమెకు తట్టలేదు. అత్తగారు రోజుకు ఆరుసార్లు చెయ్యి ముంచుతూనే ఉంది.

పదో రోజు మైక్రోస్కోపు కింద ముప్ఫై పిల్లల్ని చూసింది కోడలు. తిత్తి నిండిన పిల్లకు కంటి వెనక, వెన్నుకు దిగువన, పాదరసం చుక్కలాంటి బుడగ మెరుస్తుంది. ముప్ఫైలో తొమ్మిదింటికే ఆ చుక్క ఉంది. మిగతావాటిలో అక్కడ ఖాళీ. మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ తొమ్మిదే.

సూపర్‌వైజరు వచ్చి కన్ను ఆనించి చూశాడు. మొదటిసారి గడియారం వైపు చూడలేదు.

"పైపొర మీద ఏమైనా జిడ్డు పట్టిందా పెద్దమ్మా?"

"నా చేతికి నీళ్ళు బాగానే ఉన్నాయే బాబూ," అంది అత్తగారు. "రోజూ చూస్తూనే ఉన్నాను. జిడ్డుంటే నాకు తగలదా?"

"మరి ఎందుకిలా అయింది?"

ఆవిడ తన కుడిచేతి వైపు చూసుకుంది. కోడలు పుస్తకంలో తొమ్మిది అని రాసి, ఆ అంకె కింద గీత గీసింది. 

కాస్త పెరిగాక మంచివాటిని వేరుచేద్దాం, అప్పటిదాకా చూద్దాం అన్నాడు సూపర్‌వైజరు.

ఆ తర్వాతి రెండు వారాలూ మూడో తొట్టి వైపు చూడటమే కష్టమైంది. గాలి లేని పిల్ల ఆగిందంటే మునిగిపోతుంది. అందుకని ఆగదు. తల పైకి, తోక కిందికి పెట్టుకుని, కిందికి కదిలే మెట్ల మీద పైకి ఎక్కుతున్నట్టు రాత్రింబవళ్ళు ఈదుతూనే ఉంటుంది. తిన్న మేతంతా ఆ ఈతకే సరి. రెక్కల్లో ముళ్ళు వస్తున్నాయి, వెన్నులో ఎముక గట్టిపడుతోంది, కానీ ఆ ఎముక నిటారుగా గట్టిపడటం లేదు. నడుము దగ్గర లోపలికి కుంగుతోంది.

అత్తగారు ఆ తొట్టి పక్కకు ఒక స్టూలు లాక్కుంది. నీళ్ళ తిరుగుడు తగ్గించింది. దీపం మీద గుడ్డ కప్పింది. "కాసేపు పడుకోండే," అని వాటిని బతిమాలేది. పరాచికాలు మానేసింది. నీళ్ళలో చెయ్యి ముంచి, వెంటనే తీసేసి, థర్మామీటరు తెచ్చుకునేది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ తన మాట చెప్పకముందు దాన్ని చూసింది లేదు.

ఇంట్లో ఒక సాయంత్రం కోడలు బట్టలు మడత పెడుతుంటే స్నానాల గదిలోంచి మాటలు వినబడ్డాయి.

"ఇలా రావే. ఈ బకెట్లో చెయ్యి పెట్టు. వేడిగా ఉందా?"

"గోరువెచ్చగా ఉంది నానమ్మా."

"మరి ఇది?"

"ఇది చల్లగా ఉంది. నీకు తెలీట్లేదా?"

"తెలుస్తుందే. నువ్వు నిజం చెప్తావో లేదోనని."

"నేనెందుకు అబద్ధం చెప్తాను?" అంది చిన్నది.

కోడలు చేతిలోని చొక్కా మడత విప్పి మళ్ళీ మొదట్నుంచీ మడత పెట్టింది. లోపలికి వెళ్ళి చెప్పేద్దామని లేచింది కూడా. గుమ్మం దాకా వెళ్ళి, "అత్తయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందేమో చూస్తారా" అంది.

ఇరవై ఆరో రోజున పిల్లల్ని ఏరారు.

ఏరే పద్ధతి సులువైందే. పిల్లలకు కొద్దిగా లవంగనూనె కలిపిన నీళ్ళతో మత్తిచ్చి, ఉప్పు ఎక్కువ కలిపిన గిన్నెలో వదలాలి. తిత్తిలో గాలి ఉన్నది తేలుతుంది. లేనిది మునుగుతుంది. తేలినవాటిని జల్లెడతో తీసి, ఖాళీ చేసి ఉంచిన నాలుగో తొట్టిలో వేయాలి. మునిగినవాటిని పక్క బకెట్లోకి వంచాలి. ఆ బకెట్లో లవంగనూనె మోతాదు ఎక్కువ. అందులో పడ్డవి మళ్ళీ లేవవు.

పొద్దున్నుంచీ అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. అత్తగారు వదలడం, కోడలు తీయడం. వేలి గోరంత పిల్లలు. ఇప్పుడు చూస్తే చేపలే. కళ్ళు, మొప్పలు, వెండి రంగు దిగుతున్న పొట్ట. గిన్నెలో పడగానే కొన్ని పైనే ఆగిపోయేవి. మిగతావి పక్కకు ఒరిగి, నెమ్మదిగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు అడుక్కు దిగేవి. అడుగున నడుములు వంగి, ఒకదాని మీద ఒకటి.

"ఇవి చచ్చిపోలేదు కదే," అంది అత్తగారు ఒకసారి.

"లేదు అత్తయ్యా. నిద్రలో ఉన్నాయి."

"ఆఁ. నిద్రే. నెల రోజుల్లో ఇదే మొదటి నిద్ర పాపం." గిన్నె ఆవిడే వంచింది. కోడలు అందుకోబోతే ఇవ్వలేదు. "నా చేతిలో చెడ్డాయి. నేనే పంపాలి."

మధ్యాహ్నానికి మూడో తొట్టి ఖాళీ అయింది. నాలుగో తొట్టిలో ఉన్నవి, మొదట పుట్టినవాటిలో పావు వంతు కూడా లేవు. గదంతా లవంగం వాసన. అత్తగారు తొట్టి లోపలికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో అడుగు రుద్దుతోంది. వేళ్ళ కణుపులు మళ్ళీ పగిలాయి. నురగలో ఎర్రచార ఒకటి కనబడింది.

కోడలు ఇంక చూడలేకపోయింది. చేతులు కడుక్కుని నేరుగా సూపర్‌వైజరు గదికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, రేకు డబ్బా దగ్గర్నుంచి చెత్తబుట్టలోని కాగితాల దాకా అంతా చెప్పింది. ఆయన వింటూ ముందున్న పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"ఐదో రోజే చూశావా?"

"చూశాను సార్."

"అప్పుడే చెప్పుంటే పై నీళ్ళన్నీ తోడేసి, ఇంకో గొట్టం పెట్టేవాళ్ళం. ఇంకా మూడు రోజులుండేవి. సగానికి సగం దక్కేవమ్మా."

 ఆ లెక్క కోడలు ఎప్పుడో వేసుకుంది.

"పెద్దమ్మ పొద్దున్నే వచ్చి, తన చేతి వల్లే అయిందని రాయమంది. రాసేశాను కూడా." ఆయన కాగితం తిప్పి చూపించాడు. "ఇది మారుస్తాను. నీ పర్మనెంట్ సంగతి ఇప్పట్లో నన్ను అడక్కు. రేపట్నుంచి ఎవరూ నీళ్ళలో చెయ్యి పెట్టడానికి వీల్లేదు, పెద్దమ్మతో సహా. కానీ ఆవిడకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

ఆ సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అన్నం, కూర. చిన్నది స్కూల్లో ఎవరి పెన్సిలో పోయిన కథ చెబుతోంది. కోడలు అందరికీ వడ్డించింది గానీ తన కంచంలో పెట్టుకోలేదు.

"అత్తయ్యా, మీ చెయ్యి మంచిదే. మందు వల్ల జరిగింది," అంది.

పెన్సిలు కథ ఆగిపోయింది. కోడలు మొత్తం చెప్పింది, సూపర్‌వైజరుకు చెప్పినంతా, ఒక్క ముక్క తగ్గించకుండా. చెబుతున్నంతసేపూ అత్తగారు కంచంలో అన్నం ముద్ద చేసి, విరిచి, మళ్ళీ ముద్ద చేస్తోంది.

"ఏ రోజు చూశావు?"

"ఐదో రోజు."

"ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది," అత్తగారు బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. నాలుగో కణుపు దగ్గర వేలు ఆగిపోయింది.

"అమ్మా, అది కావాలని చేసిందా ఏమిటి?" అన్నాడు కొడుకు. బహుశా పెళ్ళయ్యాక ఆ ఇంట్లో అతను ఎవరి పక్షమైనా మాట్లాడటం అదే మొదలు. "ఇప్పుడు తెలిసిందిగా నీ తప్పు లేదని. రేపు దర్జాగా వెళ్ళి చెయ్యి పెట్టు."

"నువ్వు బస్సు చూసుకోరా." ఆవిడ గొంతు పెంచలేదు. కోడలి వైపు తిరిగింది. "పై పొర నీ కంటికి కనబడింది కదా?"

"కనబడింది."

"నేను రోజుకి ఆరుసార్లు ముంచాను. ఆ పొరలోంచే ముంచాను, అందులోంచే తీశాను. నాకు తగల్లేదు." కుడిచేతిని దీపం వైపు తిప్పి చూసుకుంది, ఎవరిదో అయినట్టు. "మందు నీది. దాచింది నువ్వు. అది నీ లెక్క, నువ్వు చెప్పుకున్నావు. తగలకపోవడం మాత్రం నాదే. నిరుడే అనుమానం వచ్చింది నాకు. చలికి మొద్దుబారిందిలే అనుకున్నాను. థర్మామీటరు పెట్టే అమ్మాయిలు ఎలాగూ పెడుతున్నారు కదా, నేను ఒక పిసరు అటూ ఇటూ చెప్పినా ఎవరు చూడొచ్చారు?"

"అత్తయ్యా, మీరు ఊరికే..."

"నీ మీద కోపం లేదని అననులే. ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. నన్ను బుజ్జగించకు, ఇంకా పెరుగుతుంది."

  అత్తగారు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది, నమిలి మింగింది, నీళ్ళు తాగింది. అప్పుడు చెప్పింది.

"రేపట్నుంచి నేను ఆ గదికి రాను. కొత్త గుడ్లు గురువారం వస్తాయి. నువ్వు మాత్రం మానడానికి వీల్లేదు, ఇద్దరం మానేస్తే ఆ పిల్లల్ని చూసేవాళ్ళుండరు. మానేస్తున్న సంగతి గడియారానికి పొద్దున్నే వెళ్ళి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు."

ఆ మాటతో కోడలి కంచం దగ్గరికి లాగి, అందులో తనే అన్నం పెట్టింది.